రేకుల ఇంట్లో రాని బొమ్మ

లాక్సన్‌కి కుదురన్నది పుట్టుకతోనే లేదు. సైకిళ్లు బాగుచేసేవాడు కదా, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పానా ఉండాల్సిందే. పని లేకపోతే బాగున్న సైకిల్నే విప్పి మళ్లీ బిగించేవాడు. ఆ శుక్రవారం మాత్రం కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాడు. వాన మొదలైంది. తిరగడం మానలేదు.

కారణం చిన్నదేమీ కాదు. ఆ సాయంత్రం టీవీ వార్తల్లో వాళ్లమ్మాయి తియాంజనే మొదటిసారి కనబడబోతోంది. వార్తలు చదవడానికి కాదు. తెర మూలన చిన్న గడిలో నిలబడి, చదువుతున్న మాటల్ని చెవిటివాళ్ల కోసం చేతులతో చెప్పడానికి. పట్నంలో ఆ చదువు చదివింది నిజమే గాని, చేతులతో మాట్లాడటం దానికి మొదట నేర్పింది తల్లి ఎనిఫా. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో ఎనిఫాకి వినికిడి పోయింది.

రేడియో ఊరందరిదీ అంటారు. ఎనిఫాది కాదు. సాయంత్రాలు వాకిట్లో రేడియో చుట్టూ చేరి అందరూ నవ్వుతుంటే, ఆమె మొహాలు చూస్తూ కూర్చునేది. ఏమిటని చెయ్యి తిప్పి అడిగేది. ఆమె అన్న బెస్టన్ అరచెయ్యి గాల్లో ముందుకు తోసేవాడు, తర్వాత చెబుతానని. ఆ తర్వాత అన్నది ఎన్నడూ వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే లాక్సన్ కూడా చాలాసార్లు అలాగే తోసేశాడు. అందుకే ఇవాళ బొమ్మ రావాలి. వచ్చి తీరాలి.

రావడం లేదు. పాత ఇంట్లో టీవీ నెత్తిన నిలబెట్టిన చిన్న కడ్డీ యాంటెనాతోనే బొమ్మ అద్దంలా కనిపించేది. కొత్త ఇంట్లోకి మారిన రోజునుంచి ‘సిగ్నల్ లేదు’ అన్న నీలం తెర తప్ప మరొకటి లేదు. కడ్డీ పాతబడిందనుకుని లాక్సన్ దాన్ని వంటింటి మూలకి విసిరేసి, లుచెంజా సంతకి వెళ్లి అరిటాకులా పలచగా ఉండే యాంటెనా తెచ్చాడు. గోడకి అంటించాడు, కిటికీకి అంటించాడు, ఆఖరికి నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. ఫలితం లేదు. తిరిగి పట్టుకెళితే, గుడారం గుడ్డ కట్టిన ఆ కొట్లో అదే ఆకుకి అన్ని చానళ్లూ గలగలా వచ్చాయి. అయినా వదలక, రెండు కొమ్ములూ, సిగ్నల్ పెంచే కరెంటు పెట్టె కూడా ఉన్న మరో రకానికి మార్చుకున్నాడు. కొట్టువాడికి ఒళ్లు మండింది.

“అన్నా, నా సరుకులో లోపం లేదు. లోపమేదో మీ ఇంట్లోనే ఉంది,” అన్నాడు.

ఆ మాట లాక్సన్‌కి కారంలా తగిలింది. ఎందుకంటే ఆ ఇంటికి వంక పెట్టేవాడు ఊళ్లోనే లేడు. మా వైపు మగాళ్లందరూ ఇల్లరికపు అల్లుళ్లే; పెళ్లయ్యాక భార్య ఊరొచ్చి, ఆమె అన్నదమ్ముల కంటి కింద బతకాలి. వచ్చిన అల్లుడు ఎంతటివాడో చెప్పేది అతను వేసిన ఇంటి కప్పు. గడ్డి కింద పడుకోబెట్టి తన చెల్లెల్ని ముసలిదాన్ని చేశాడని బెస్టన్ ఏళ్ల తరబడి దెప్పాడు. ఆ కసికొద్దీ లాక్సన్ కప్పుకి ఇనప రేకులు వేసి ఊరుకోలేదు. మిగిలిన రేకులు తలుపుకీ కిటికీ రెక్కలకీ కూడా కొట్టించాడు. పాత గడ్డిల్లు వంటిల్లయింది.

కొమ్ముల యాంటెనాని బయట కర్రకి కట్టమని ఒకరు సలహా ఇచ్చారు. పిడుగులు పడుతుంటే ఇనుము పట్టుకుని ఎవడు నిలబడతాడు? వార్తల వేళ దగ్గరపడింది. బెస్టన్ ముక్కాలిపీట చంకన పెట్టుకుని దిగాడు.

“రేకులైతే వేశావు గాని, మేనకోడలేది బావా? నీలం గోడ చూడ్డానికా నన్ను పిలిచావు?”

లాక్సన్ కొమ్ములు తిప్పుతూనే ఉన్నాడు. ఎనిఫా లేచి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. వంటింటి వైపు చూపించి, రెండు వేళ్లు కళ్ల దగ్గర పెట్టింది. అక్కడ కనిపించేది, అక్కడికే తీసుకెళ్లు అని.

వంటింట్లోకా? మా వైపు వంటింట్లో చతికిలబడ్డ మగాడికి చచ్చేదాకా ఆడంగివాడన్న పేరు పోదు. అందులోనూ భార్య అన్న చూస్తుండగా! లాక్సన్ తల అడ్డంగా ఊపాడు. ఎనిఫా నడుముకి చుట్టుకున్న కొత్త చితెంజె గుడ్డ సర్దుకుని, మళ్లీ ఆ నీలం తెర ముందే కూర్చుని రెప్ప వాల్చకుండా చూడసాగింది.

అది చూసి లాక్సన్‌కి సిగ్గేసింది. పైన వాన రేకుల్ని బాదుతోంది, ఒక్క చుక్కయినా లోపలికి రావడం లేదు. సంత కొట్టుకి గుడ్డ, పాత ఇంటికి గడ్డి. తను గొప్పకి కొట్టించిన రేకులే వాననీ, కూతుర్నీ కలిపి గుమ్మం బయట ఆపేశాయి. తీగలన్నీ పీకి టీవీని పొట్టకి హత్తుకుని వానలోకి నడిచాడు. ఎనిఫా సోలార్ బ్యాటరీ, చానళ్లు పట్టే డిజిటల్ పెట్టె అందుకుని వెనకాలే వచ్చింది.

వంటింట్లో బీన్స్ ఉడుకుతున్నాయి, పొగ కమ్ముకుంది. కొమ్ముల యాంటెనా తీగ కంగారులో ఇంట్లోనే ఉండిపోయింది. మూలన ఉల్లిపాయల గుత్తి వేలాడుతున్న పాత కడ్డీని లాక్సన్ తీసి తగిలించాడు. బొమ్మ వచ్చేసింది. మూలన, చిన్న గడిలో, తియాంజనే.

పిల్ల చేతులు వణుకుతున్నాయి. ఎనిఫా నేల మీదే తెరకి ఎదురుగా కూలబడి, కూతురు తనని చూస్తున్నట్టే, మెల్లగా, మెల్లగా అని చేతులతో చెప్పింది. కాసేపటికి అక్కడి చేతులు నిదానించాయి.

బెస్టన్ చూరు కింద నిలబడి సగం తడిసేదాకా బిగిసి, ఆఖరికి వంగి లోపలికొచ్చాడు.

“అదేం చెబుతోందో సౌండు పెట్టు బావా, ఒక్క ముక్క వినబడట్లేదు.”

“పెట్టను బావగారూ,” అన్నాడు లాక్సన్. సౌండు తీసేసింది తనే. “ఇవాళ వార్తలు మీ చెల్లెలికొచ్చాయి. కావాలంటే ఆవిణ్ణి అడగండి.”

బెస్టన్ కొంచెం సేపు గింజుకున్నాడు. తర్వాత చెల్లెలి భుజం తట్టి, ఏమిటని చెయ్యి తిప్పాడు.

ఎనిఫా తెర మీంచి చూపు తిప్పలేదు. అరచెయ్యి గాల్లో ముందుకు తోసింది, తర్వాత అని.