ఫర్నేస్ కిటికీ దగ్గరి ఊదా ముక్క

మా బావతో వాదించేకన్నా గోడతో వాదించడం నయం. గోడ కనీసం నవ్వదు. ఇరవై రెండేళ్లుగా ఆయన టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఫర్నేస్ నడుపుతున్నాడు. అదే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పరీక్షలు చేసేది నేను, ఆయన భార్య చెల్లెల్ని. చుట్టరికంలోనూ ఆయనే, పనిలోనూ ఆయనే. ఎక్కడికి పారిపోను?

ఆ పొడి కథ పెద్ద చిక్కేమీ కాదు. మొదట నిమ్మపండు పసుపు. ఫర్నేస్‌లో హైడ్రోజన్ తగిలి కాస్త ఆక్సిజన్ పోతే నీలం, ఇంకాస్త పోతే ఊదా, మరీ పోతే గోధుమరంగు, మొత్తం పోతే బూడిదరంగు లోహం. మాకు కావలసింది ఊదా. దాని రేణువులు సూదుల్లా ఉంటాయి, వాటి నుంచి సన్నటి లోహప్పొడి వస్తుంది. నీలం కలిసిందా, పొడి లావవుతుంది, కొన్నవాళ్లు వెనక్కి పంపేస్తారు.

ఆక్సిజన్ ఎంతుందో నా మిషన్ చెబుతుంది. రంగు బావ కన్ను చెబుతుంది. మేనేజరు నమ్మేది ఆ కన్నునే. నూటికి పంతొమ్మిది ఉండాల్సిన ఆక్సిజన్ ఇరవై వైపు పాకుతోందని ఈ ఏడాదంతా మొత్తుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి వింటాడా? నా మిషన్‌కే కళ్లజోడు పెట్టించమన్నాడు. వరసగా మూడు లోడ్లు తిరిగొచ్చాయి. నాలుగోదీ వస్తే ఆయన్ని ప్యాకింగ్‌లో వేస్తానని మేనేజరు తేల్చేశాడు. ఆ మాట విన్నాక ఆయన భోజనం ముట్టలేదని అక్క ఫోన్ చేసింది. కోపం వచ్చింది, జాలీ వేసింది. జాలి వేసినందుకు మళ్లీ కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఫర్నేస్ గదికి వెళ్లాను. బావ చల్లారిన పొడిని చెంచాతో తీసి, కిటికీ చట్రానికి మేకుతో కొట్టిన ఓ గుడ్డముక్క పక్కన పట్టి చూస్తున్నాడు. అదేమిటని అడిగాను. దర్జీ పని చేసే మా అక్క పదకొండేళ్ల కిందట కుట్టిన కోటులో మిగిలిన ముక్కట. మంచి ఊదా పొడికి సరిగ్గా సరిపోయిందని తెచ్చి కొట్టుకున్నాడట.

నాకు తల బాదుకోవాలనిపించింది. ఎండ తిని, వేడి తిని ఆ గుడ్డ నీలంలోకి వెలిసిపోతూంటే, ఈయన హైడ్రోజన్ తగ్గించుకుంటూ పొడిని దాని వెంట నడిపించాడన్నమాట.

"రోజూ చూస్తూనే ఉన్నాగా. రంగు మారితే నాకు తెలీదా?" అన్నాడు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. కుట్టిన ప్రతి గుడ్డలోంచీ వేలెడు ముక్క పుస్తకంలో అంటించుకోవడం ఆమె అలవాటు. అరగంటలో పుస్తకం పట్టుకుని వచ్చి, పేజీ తెరిచి కిటికీ ముక్క పక్కన పెట్టింది. పుస్తకంలోది చిక్కటి ఊదా. కిటికీది ఉతికి ఉతికి అరిగినట్టున్న నీలం.

బావ చాలాసేపు చూశాడు. అక్క వైపు తిరిగి, "రోజూ చూడబట్టే తెలీలేదే" అన్నాడు మెల్లిగా. ఆయన వెళ్లి హైడ్రోజన్ తానే పెంచాడు.

నాలుగో లోడు తిరిగి రాలేదు. ఆక్సిజన్ పంతొమ్మిది. అందులోంచి చిటికెడు పొడి గాజు గొట్టంలో పోసి, మూతి మూసి, వెలుతురు తగలని సొరుగులో పెట్టి ఇకమీదట దీంతోనే పోల్చి చూడమన్నాను. సరేనన్నాడు. ఆ వెలిసిన ముక్కను మాత్రం పారెయ్యమంటే మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక.