తెల్ల ట్యాంకులు, మూసిన కిటికీ

మొన్న మధ్యాహ్నం బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తుంటే కింది ఫ్లాటులోంచి కంప్రెసర్ చప్పుడు వినిపించింది. మా పటేల్‌గూడలో రోజూ ఎవరో ఒకరు గోడకు రంధ్రాలు వేయిస్తూనో, గ్రిల్లుకు వెల్డింగ్ చేయిస్తూనో ఉంటారు కాబట్టి చప్పుళ్ళను నేను పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను. కానీ రెండు నిమిషాలు గురగురమని, ఠక్కున ఆగి, కాసేపటికి మళ్ళీ మొదలయ్యే ఆ తీరు నాకు బాగా తెలిసిన తీరు, దాని వెనకే సన్నగా థిన్నర్ వాసన కూడా వచ్చేసరికి బట్టలు కుర్చీలో పడేసి మెట్లు దిగాను.

కింద ఉండేది ఇంట్లోంచే కంప్యూటర్ మీద ఉద్యోగం చేసుకునే ఒక అమ్మాయి. తలుపు తీసిన ఆమె చేతిలో గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్, బల్ల మీద అరచేయంత విమానం బొమ్మ, మొహంలో ఏడుపొక్కటే తక్కువ. సెలవు రోజుల్లో ఇలాంటి బొమ్మలు అతికించి రంగులేయడం ఆమె సరదా అట, లోపల రంగు ఎండిపోయి గాలి తప్ప ఏమీ రావడం లేదట. నాకిది వచ్చని చెబితే ఒకసారి నా చీర వంకా ఒకసారి బ్రష్ వంకా చూసి, నమ్మీ నమ్మనట్టుగానే నా చేతికిచ్చింది.

ముందు కంప్రెసర్ ఆపించి, పైపులో మిగిలిన గాలి వదిలేశాను. వెనక మూత విప్పి సూదిని మెల్లగా బయటికి లాగి, థిన్నర్ తడిపిన గుడ్డను మొదలు నుంచి మొన వైపు తిప్పుతూ తుడిచాను, అటునుంచి ఇటు తుడిస్తే మొన వంగుతుంది, ఒక్కోసారి వేలిలో దిగుతుంది. ముందున్న చిన్న ముక్కు విప్పి గిన్నెలో నానబెట్టాను. మొత్తం బ్రష్‌నే థిన్నర్‌లో ముంచుతానని ఆమె సిద్ధమైతే, లోపలి రబ్బరు ఉబ్బి పాడవుతుందని ఆపాను. ముప్పై ఏళ్ళైనా చేతులు దేన్నీ మరచిపోలేదు. అంతలో ఏసీ చల్లదనం పోతుందని ఆ పిల్ల లేచి కిటికీ మూయబోయింది. "ఏయ్, ముయ్యకు!" అని ఎంత గట్టిగా అరిచానంటే ఆమె బెదిరిపోయి గోడకు ఆనుకుంది, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏ పెద్ద ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్ళినా గుమ్మంలోనే ఒక అద్దాల పెట్టె, అందులో ఆ ఫ్యాక్టరీయే బొమ్మగా ఉండేది. పొగ గొట్టాలు, పైపులు, గేటు, గేటు దగ్గర గోరంత కావలివాడు. అలాంటివి చేసే చిన్న కార్ఖానా ఒకటి పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో, లారీలు తిరిగే మట్టి రోడ్డు పక్కన ఉండేది. మా అక్కా నేనూ అక్కడ పనిచేశాం. జోగిపేట వైపు పల్లె నుంచి వచ్చి ఇద్దరం ఒకే వీధిలో కిరాయికి ఉండేవాళ్ళం, ఒకే బస్సు, ఇద్దరికీ ఒకే టిఫిన్ సంచి. నేను స్పాంజి కత్తిరించి చెట్లు చేసేదాన్ని, రంగు మార్చినప్పుడల్లా పెన్ను కడిగేదాన్ని. ఎయిర్ బ్రష్‌ను మేం పెన్ననే అనేవాళ్ళం. అక్క రంగు వేసేది. ఆమె చేయి పడితే రేకు ముక్క కూడా నిజం ట్యాంకులా కనిపించేది, ఆ సంగతి ఆమెకూ తెలుసు, కాస్త గర్వం కూడా ఉండేది.

మాకు పని నేర్పింది ఒక ముసలి ఉస్తాద్. కోపం ఎక్కువ, కళ్ళజోడుకు ఒక కాడ ఉండేది కాదు, దారం కట్టుకునేవాడు. పెన్ను ముక్కుకు వేలు అడ్డం పెట్టి గాలి వదిలితే థిన్నర్ బుడగలు బుడగలుగా వెనక్కి తన్ని పెన్ను మీది రంగు గిన్నెలోకి వచ్చి లోపలి మురికంతా వదులుతుంది, వేలు కాదు గుడ్డ పెట్టమని ఆయన నెత్తీ నోరూ కొట్టుకునేవాడు, మేం వేలే పెట్టేవాళ్ళం. మిగిలిందంతా గాల్లోకి చిమ్మితేనే కడిగినట్టు లెక్క, అందుకే ఆయన నోట రోజుకు పదిసార్లు ఒకే మాట: "పహ్లే కిటికీ తియ్ బేటీ. రంగు ఖరాబైతే మల్లేస్కుందం." కిటికీ తీస్తే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. లారీ దుమ్మంతా వచ్చి తడి రంగు మీద కూర్చునేది.

ఒక మందుల ఫ్యాక్టరీ బొమ్మ చేస్తున్నాం. అందులో పదకొండు తెల్ల ట్యాంకులు. తెలుపు మీద దుమ్ము రవ్వ పడితే ఎంత దూరానికైనా కనిపిస్తుంది. అక్క మూడుసార్లు వేసింది, మూడుసార్లూ రవ్వలు పడ్డాయి, మూడుసార్లూ గీకి మళ్ళీ మొదలుపెట్టింది. మర్నాడు ఫ్యాక్టరీ వాళ్ళు చూడటానికి వస్తున్నారు. ఉస్తాద్ మేనకోడలి పెళ్ళికని జహీరాబాద్ వెళ్ళాడు. మూడోసారి గీకుతున్నప్పుడు అక్క కళ్ళలో నీళ్ళు చూశాను, ఆమె అలా పనిలో ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు తట్టింది ఒకటే. కిటికీ మూసి గొళ్ళెం పెట్టాను, తడి గోనెపట్టా మడిచి తలుపు కింద కుక్కాను, నేను అవతలి గదిలో చెట్లు చేసుకుంటూ కూర్చున్నాను. నా అంతట నేనే మూశానంటే ఉస్తాద్ మాట చెప్పి వెంటనే తీసేస్తుందని, తలుపు వేస్తూ, మేం సారు అని పిలిచే కార్ఖానా యజమాని పేరు చెప్పి ఒక అబద్ధం కూడా ఆడాను. "కిటికీ తియ్యకక్కా, సారు తియ్యొద్దన్నడు."

ఆ రోజు ట్యాంకులకు తెలుపు, నిచ్చెనలకు పసుపు, పైపులకు నీలం, ఎరుపు. రంగు మారినప్పుడల్లా పెన్ను కడగాలి, తలుపు తీస్తే దుమ్మొస్తుందని నన్ను పిలవకుండా తనే కడుక్కుంది, కడిగినప్పుడల్లా ఆ మూసిన గదిలోకే చిమ్మింది. మధ్యాహ్నం టిఫిన్ పట్టుకుని వెళ్ళేసరికి స్టూలు మీద గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. "నిద్రొస్తుందే" అంది, అన్న వెంటనే వాంతి చేసుకుంది. ఇద్దరు ముగ్గురం పట్టుకుని బయట వేపచెట్టు కింద పడుకోబెట్టాం. సాయంత్రానికి లేచింది, రెండు రోజులకు పనిలోకి వచ్చింది. పదకొండు ట్యాంకుల మీద ఒక్క రవ్వ లేదు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నాకూ సంతోషమే వేసింది, దాచడం ఎందుకు.

ఆ ఎండాకాలం ఆవకాయ పెడుతున్నాం. పొద్దున్నే నేను స్వయంగా దంచిన ఆవపిండి, ఇల్లంతా ఘాటుకు దగ్గుతోంది. అక్క గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏందే, పాత ఆవాలా? వాసననే లేదు" అంది. ఆమె ఇంకోసారి పీల్చి చూసి గిన్నె కింద పెట్టింది.

సంగారెడ్డిలో చూపిస్తే డాక్టరు థిన్నర్ ఆవిరికి పోయిన వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రాలేదు. అమ్మా, బావా సారునే తిట్టారు, కిటికీ మూయించి ఆడపిల్ల ఆరోగ్యం పాడుచేశాడని. సారు మంచివాడేమీ కాదు గానీ, ఆ పాపం మాత్రం ఆయనది కాదు. వాళ్ళు తిడుతుంటే అక్క చాటలో బియ్యం ఏరుకుంటూ ఉండేది, నేనూ ఒక చేయి వేసి ఏరేదాన్ని. చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. ఏడాది గడిస్తే చెప్పడం తేలికవుతుందనుకున్నాను, అలా ముప్పై ఏళ్ళు గడిచాయి. థిన్నర్‌లో నానీ నానీ నా ఎడమ చూపుడువేలు కొస మొద్దుబారింది, వేడి పాలగిన్నె తగిలినా ఆ ఒక్క చోట తెలియదు. నాలోనూ ఎక్కడో ఒక చోట అలాగే అయిందని అనుకుంటాను. జోగిపేటలో అక్క ఇంటికి వెళ్తే చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి పోయి సిలిండర్ దగ్గర వాసన చూసి రావడం నాకలవాటు. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు.

బ్రష్ బిగించి, ఆ అమ్మాయికి అన్నీ చెప్పాను. మామూలు గుడ్డ మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపే మాస్కు వేరే ఉంటుంది, అది కొనమని. చేతికి తొడుగులు వేసుకోమని, దగ్గర్లో దీపం గానీ అగరుబత్తి గానీ ఉండకూడదని, కడిగింది మూత ఉన్న సీసాలోకి చిమ్మమని, మురికి థిన్నర్ సింకులో పారబోయొద్దని. బుద్ధిగా ఫోనులో రాసుకుంది. పైకి వచ్చాక బట్టలు మడతపెట్టాను. అన్నీ మడతపెట్టాక అక్కకు ఫోన్ చేసి, బాగోగులు కూడా అడగకుండానే ముందు కింది పిల్ల బ్రష్ సంగతి, వెంటనే అసలు సంగతి చెప్పేశాను, ఆ రోజు కిటికీ మూసింది నేనే, సారు ఏమీ అనలేదు అని.

అటువైపు కుక్కరు కూత వినిపించింది. తర్వాత అక్క మామూలు గొంతుతోనే, "సారు ఆ దినం ఊర్లనే లేకుండె గదనే. నువ్వు గొళ్ళెం పెట్టంగనే నాకెర్కైంది" అంది. మరెందుకు తీయలేదని అడిగాను. "నాల్గోసారి గీకుడు నాతోనైతలేకుండె. నువ్వు నా కోసమే మూసినవ్ గదా" అని, ఆ కింది పిల్ల కిటికీ తెరిచే ఉంచుకుందా లేదా, ఒకసారి చూసి రమ్మంది.

బాల్కనీలోకి వచ్చి కిందికి వంగి చూశాను. తెరిచే ఉంది. గుండె తేలికపడుతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఏమీ అనిపించలేదు, ఏడుపు కూడా రాలేదు. ఆ కార్ఖానా ఇప్పుడు ఎవరిదో గోడౌను. ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో ఈ రోజుల్లో టీవీ తెర మీదే తిప్పి చూపిస్తున్నారట, అద్దాల పెట్టెలు ఎవరికీ అక్కర్లేదు. లారీలు బయటి రింగు రోడ్డు మీద పోతున్నాయి, మా రోడ్డుకు సిమెంటు వేశారు. గంట నుంచి తెరిచి ఉన్న ఆ కిటికీ గట్టు మీద, రెక్కలకు అప్పుడే తెల్ల రంగు వేసి ఆరబెట్టిన విమానం ఉంది. దాని మీద ఒక్క రవ్వ కూడా పడలేదు.