వ్యానుకి రాసిన మందుచీటీ

రేడియేటర్ల మేస్త్రీ తన షెడ్డులోకి వచ్చిన బండిని చీటీ రాయకుండా బయటికి పంపిన రోజు లేదు. బిల్లు వేరు, చీటీ వేరు. పేషెంటు ఫలానా బండి, వయసు ఇంత, బాధ ఇది, వ్యాధి ఇది, మందు, పథ్యం, విశ్రాంతి అంటూ గుండ్రటి అక్షరాలతో, కింద కార్బన్ కాగితం పెట్టి మరీ రాసేవాడు. అసలు చీటీ ఓనరుకి, నకలు తన రేకుడబ్బాలోకి. ఆ చుట్టుపక్కల డ్రైవర్లు ఆయన్ని డాక్టరనేవాళ్లు. ఎగతాళిగా మొదలైన పిలుపే. ఆయన మాత్రం దాన్ని పట్టా అందుకున్నంత గంభీరంగా పుచ్చుకున్నాడు.

పరీక్ష కూడా ఆస్పత్రి పద్ధతిలోనే జరిగేది. బానెట్ మీద చెవి ఆనించి వినేవాడు. రేడియేటరు మూత వాసన చూసేవాడు. తర్వాత స్టూలు లాక్కుని, డ్రైవరుని ఎదురుగా కూర్చోబెట్టి, కలం తీసేవాడు.

"బండి పొద్దున్నే ఎన్నింటికి లేస్తుంది?"

ఇదే ఎప్పుడూ మొదటి ప్రశ్న. ఎన్నింటికి పడుకుంటుంది, మధ్యలో ఎక్కడైనా నడుం వాలుస్తుందా, కళ్లు మండుతున్నాయంటుందా అని మిగతావి వరసగా వచ్చేవి. ఎవరైనా నవ్వితే కలం మూసేసేవాడు.

"నవ్వడం అయ్యాక చెప్పు. రాసుకుంటాను."

అబద్ధం మాత్రం రాసేవాడు కాదని పేరు. ఒకసారి ఒక మిల్లు యజమాని కారుకి "వ్యాధి: యజమానికి గేరు మార్చడం రాదు. మందు: నేర్చుకోవాలి" అని రాసి, ఆ యజమానికే చదివి వినిపించి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కారు మళ్లీ ఆ వీధిలోకి రాలేదు. నకలు మాత్రం డబ్బాలో భద్రంగా ఉంది.

అందుకే, దుప్పట్ల వ్యాను డ్రైవరుకి ఆ మధ్యాహ్నం షెడ్డు కనబడగానే వెనక్కి తిరిగిపోదామనిపించింది.

అది ఇరవై రెండేళ్ల డీజిలు వ్యాను. తెల్లవారుజామున నాలుగింటికి లాండ్రీ నుంచి ఉతికిన దుప్పట్లు ఎత్తుకుని మూడు ఆస్పత్రులకి చేర్చడం, మాసినవి మూటలు కట్టి తేవడం, మళ్లీ వెళ్లడం. రాత్రి తొమ్మిదైతే గానీ తాళంచెవి చేతిలోంచి దిగదు. వారానికి ఒక్క రోజు సెలవిమ్మని డ్రైవరు కిందటేడు అడిగాడు. "ఆస్పత్రి మంచాలకి సెలవుంటుందేంటయ్యా?" అన్నాడు లాండ్రీ ఓనరు. మంచాలకి లేకపోయినా మనిషికి ఉండాలని డ్రైవరుకి తెలుసు. ఆ మాట అనే చోటు ఆ ఉద్యోగంలో లేదు.

ఓనరు చెడ్డవాడేం కాదు. మొదట్లో ఆ వ్యాను ఆయనే నడిపాడు. దాంతోనే లాండ్రీ నిలబెట్టాడు. ఇప్పటికీ వ్యాను దగ్గితే ఆయనకి జ్వరం వచ్చేది. డ్రైవరు దగ్గితే కిటికీ తెరిచి దగ్గమనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి, పెద్దాస్పత్రి వెనక గేటు దగ్గర మలుపు తిప్పుతుండగా డ్రైవరుకి కన్ను మూతపడింది. ఎంతసేపో అతనికే తెలియదు. తెరిచేసరికి వ్యాను ముక్కు ఇనుప స్తంభానికి ఆని ఉంది. గ్రిల్లు లోపలికి పోయింది. ఆవిరి బుస్సుమంటోంది. కింద నీళ్లు మడుగు కట్టాయి.

గేటు కాపలా మనిషి నడివయసు ఆడమనిషి. స్తంభానికి నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉంది. బకెట్టుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

"నేను అటు తిరిగి ఉన్నాను తమ్ముడూ. ఏమీ చూళ్లేదు," అంది, ఏమీ అడగకముందే.

డ్రైవరు ఓనరుకి ఫోను చేసి, ముందు పోతున్న లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరి తగిలిందని చెప్పాడు. స్టీరింగు ముందు కునికిన డ్రైవరుకి ఆ లాండ్రీలో మర్నాడు అనేది ఉండదు. ఇంతకు ముందున్న డ్రైవరు ఉద్యోగం అలాగే పోయింది. ఇతని ఇంట్లో నలుగురూ ఈ ఒక్క జీతం మీదే ఉన్నారు. ఓనరు నాలుగింటికి వస్తానన్నాడు. ఈలోగా బండిని నలుగురు కలిసి వీధి చివర మేస్త్రీ షెడ్డుకి తోశారు. మేస్త్రీకీ డ్రైవరు రాయనే చెప్పాడు.

మేస్త్రీ ఇంజను చల్లారేదాకా ముట్టుకోలేదు. తర్వాత పైపుల క్లిప్పులు వదులు చేసి, ఫ్యాను ముందున్న రేకు విప్పి, బోల్టులు తీసి, రేడియేటరుని రెండు చేతులతో పసిపిల్లని ఎత్తినట్టు బయటికి తీశాడు. రెండు వైపులా బిరడాలు బిగించి, తొట్టి నీళ్లలో ముంచి, గాలి పట్టించాడు. మూడు చోట్ల నుంచి బుడగలు వరస కట్టి పైకొచ్చాయి.

"బాధ తెలిసింది," అన్నాడు. కలం తీశాడు. "ఎన్నింటికి లేస్తుంది?"

"మూడున్నరకి. అదే, బండి నాలుగింటికి."

"బండి గురించే అడుగుతున్నాను. పడుకునేది?"

"పదిన్నర, పదకొండు."

"మధ్యలో?"

"మధ్యలో ఏం లేదు బాబాయ్."

"వారంలో ఎన్ని రోజులు?"

"వారానికి ఎన్నుంటాయో అన్నీ."

మేస్త్రీ రాసుకున్నాడు. తర్వాత వంగి, నొక్కుకుపోయిన ఇత్తడి గొట్టాల మీద బొటనవేలు మెల్లగా పై నుంచి కిందికి జరిపాడు.

"రాయి తగిలితే గుంట పడుతుంది. ఇది నిలువుగా, గీత గీసినట్టుంది. మీ రాయి బాగా పొడుగ్గా ఉన్నట్టుందే."

"బాబాయ్, ఈ ఒక్కసారికీ చీటీ వద్దు. బాగుచేసి ఇచ్చెయ్."

"చీటీ లేకుండా పేషెంటుని పంపను."

"నా ఉద్యోగం పోతుంది."

"ఇవాళ స్తంభం," అన్నాడు మేస్త్రీ తల ఎత్తకుండానే. "రేపు అక్కడ మనిషి ఉంటే?"

డ్రైవరుకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డ ఆ కాపలా ఆవిడ గుర్తొచ్చింది. మేస్త్రీ తీగ బ్రష్షుతో చిల్లులు రుద్ది, యాసిడ్ పూసి, మంట చూపించి, టంకం కరిగించి మాటు పెట్టాడు. మళ్లీ తొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. రేడియేటరు తిరిగి బిగించి, నీళ్లు నింపి, మూత తెరిచే ఉంచి ఇంజను ఆడించి, లోపలి గాలంతా పోయాక మూత పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఓనరు దిగాడు.

ఓనరు ముందు వ్యాను చుట్టూ తిరిగి, గ్రిల్లు నిమిరి, ఆ తర్వాత డ్రైవరుని చూశాడు.

"రాయేనా?"

మేస్త్రీ కళ్లజోడు సర్దుకుని చీటీ చదివాడు. "పేషెంటు: తెల్ల వ్యాను. వయసు: ఇరవై రెండు. తగిలినది: ఎదురుగా ఉన్నది. వ్యాధి: అలసట."

"ఇనుముకి అలసటేంటి?"

మేస్త్రీ నేల మీద నుంచి ఒక తీగ ముక్క తీసి ఇటూ అటూ వంచడం మొదలుపెట్టాడు. ఏడోసారికో ఎనిమిదోసారికో పుటుక్కుమంది. విరిగిన రెండు ముక్కలూ ఓనరు అరచేతిలో పెట్టాడు.

"బలం లేక కాదండీ. ఆపకుండా వంచాను. ఈ వ్యాను రోజుకి పదిహేడు గంటలు వంగుతోంది. తప్పుకునే ఓపిక లేని బండికి దారిలో ఏదో ఒకటి తగులుతుంది. రాయని, స్తంభమని, ఇంకొకటని పేర్లు మనం పెట్టుకుంటాం."

ఓనరు ఆ ముక్కల్ని చూసి, వ్యానుని చూశాడు. ఆయన మొహం నిజంగానే వాడిపోయింది. "మందు చెప్పండి డాక్టరుగారూ," అన్నాడు. ఎగతాళి లేకుండా ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే.

"ఉప్పునీళ్లు పొయ్యకూడదు. రెండు గంటలకోసారి పావుగంట నీడలో ఆపాలి, బానెట్ తెరిచి. మధ్యాహ్నం గంటన్నర పూర్తిగా విశ్రాంతి. ఆ గంటన్నరా డ్రైవరు బండి దిగకూడదు, స్టీరింగు దగ్గర కూర్చోకూడదు. వెనక దుప్పట్ల మూటల మీద వెల్లకిలా పడుకోవాలి."

"పడుకోవడం ఎందుకు?"

"బరువు వెనక్కి పోతే ముందున్న రేడియేటరుకి ఒత్తిడి తగ్గుతుంది. మనిషి అరవై కేజీలకి తక్కువ ఉండకూడదు." మేస్త్రీ డ్రైవరుని ఎగాదిగా చూశాడు. "ఇతను సరిపోతాడు. సాయంత్రం ఏడు దాటాక వ్యాను కదలకూడదు. వారానికో రోజు కదలనే కూడదు. టంకం స్థిరపడాలి."

ఓనరు ప్రతి మాటకీ తలూపాడు. రాత్రి ట్రిప్పుకీ, ఆ ఒక్క రోజుకీ వేరే బండి చూస్తానన్నాడు. వెళ్లే ముందు డ్రైవరు వైపు వేలు చూపించాడు.

"విన్నావుగా? మధ్యాహ్నం పూట నువ్వు పడుకోకుండా నాకు కనబడ్డావో, ఊరుకోను."

ఆయన వెళ్లాక డ్రైవరు మేస్త్రీ వైపు తిరిగాడు.

"బాబాయ్, పదిహేనేళ్ల నుంచి బండ్లు తోలుతున్నాను. మూటల మీద పడుకుంటే రేడియేటరుకి ఏమవుతుందో నాకు తెలియదా?"

"తెలిస్తే నీలోనే ఉంచుకో," అన్నాడు మేస్త్రీ, నకలు చీటీ డబ్బాలో పెడుతూ. డబ్బా నిండుగా ఉంది. పైన ఉన్న చీటీ ఏదో లారీది. వ్యాధి: అలసట. దాని కింద ఆటోది. వ్యాధి: అలసట. "మనిషికని రాస్తే ఒక్క ఓనరూ చదవడు. బండికని రాస్తే గోడకి అంటించుకుంటారు. నేను అబద్ధం రాయలేదు. పేషెంటు పేరు దగ్గర కొంచెం చెయ్యి జారింది, అంతే."

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఓనరు పెద్దాస్పత్రికి పని మీద వచ్చాడు. వెనక గేటు దగ్గర, నీడలో, బానెట్ తెరుచుకుని వ్యాను నిలబడి ఉంది. మూటల మీద డ్రైవరు నోరు తెరిచి గురక పెడుతున్నాడు. సార్ వచ్చారని అతన్ని లేపబోయింది కాపలా ఆవిడ. ఓనరు కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"లేపకమ్మా. రేడియేటరుకి మందు పడుతోంది," అన్నాడు గొంతు తగ్గించి, కాలి మునివేళ్ల మీద వెనక్కి నడుస్తూ.

డ్రైవరు లేచాక ఆవిడ ఇదంతా చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆవిడ కాసేపు తన పాదాల వైపు చూసుకుంది. ఆ గేటు దగ్గర కుర్చీ వేసుకోవడం ఆస్పత్రి వాళ్లు ఒప్పుకోరు.

"మీ డాక్టరు బండ్లకేనా, గేట్లకి కూడా రాస్తాడా?"

డ్యూటీ దిగాక డ్రైవరు ఆవిడని షెడ్డుకి తీసుకెళ్లాడు. మేస్త్రీ నవ్వలేదు. చేతులు తుడుచుకున్నాడు, స్టూలు ఆవిడ వైపు జరిపి కూర్చోమన్నాడు, కార్బన్ కాగితం సరిగ్గా పెట్టుకున్నాడు, కలం తీశాడు.

"చెప్పమ్మా. గేటు పొద్దున్నే ఎన్నింటికి లేస్తుంది?"