సలోమి టీచర్ ఒప్పుకున్న తప్పు

మొన్న ఘంటసాలలో ఖోఖో పోటీల దగ్గర, పక్క జట్టు అమ్మాయి నా వెనకే నిలబడి స్పోర్ట్స్ డ్రింక్ సీసా మూత తిప్పింది. నిమ్మకాయది కాని నిమ్మవాసన గుప్పుమంది. నా నాలుక దానంతటదే ముందుపళ్ల అంచు మీదికి వెళ్లింది. ఆ అంచులు డాక్టరు కట్టినవి. అవి తగిలినప్పుడల్లా నాకు సలోమి టీచర్ గుర్తొస్తారు. అవనిగడ్డలో తమ్ముడిగారింట్లో ఆవిడ కన్నుమూసి రెండేళ్లయింది.

మాది బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. నాన్న వేటకు వెళ్లేవాడు, అమ్మ చేపల బుట్టతో వీధులు తిరిగేది. సలోమి టీచర్ మా హైస్కూల్లో పీఈటీ. ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు గ్రౌండ్ వైపు రాని ఊళ్లో, ఇంటింటికీ తిరిగి మమ్మల్ని పోగుచేసి ఖోఖో జట్టు కట్టారు. మా అమ్మ ఒప్పుకోకపోతే, టీచర్ అమ్మ పక్కన పీట వేసుకుని తానూ రొయ్యలు ఒలుస్తూ ఒప్పించారు. ఒకసారి ఎండకి నేను కళ్లు తిరిగి పడిపోయాను. అప్పటినుంచీ టీచర్‌కి భయం పట్టుకుంది. బజారులో ఒక షాపాయన జట్టుకి జెర్సీలతోపాటు ఈ స్పోర్ట్స్ డ్రింక్ సీసాలు కూడా పెట్టెలకొద్దీ ఇస్తానంటే సంబరంగా ఒప్పుకున్నారు. టీవీలో పెద్ద ఆటగాళ్లు తాగేదే తన పిల్లలూ తాగుతున్నారని ఆవిడకి మురిపెం. కాస్త కాస్తగా తాగుతూనే ఉండమనేవారు. మేం రెండేళ్లపాటు, పొద్దునా సాయంత్రమూ, పుక్కిలించి మరీ తాగాం.

మొదట చల్లటి నీళ్లు తాగితే పళ్లు జివ్వుమన్నాయి. తరవాత ముందుపళ్ల అంచులు పలచబడి గాజుముక్కల్లా అయ్యాయి. నోరు జిగటగా ఉంటోందని ఆట అవగానే గట్టిగా తోముకునేదాన్ని, ఇంకా జివ్వుమనేవి. జామకాయ కొరకడం మానేశాను. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఇంట్లో చెబితే ఆట మాన్పిస్తారని ఎవరికీ చెప్పలేదు.

గుడివాడ పోటీల్లో గెలిచిన రోజున ఫొటోకి అందరూ నవ్వుతుంటే నేను పెదాలు బిగించుకున్నాను. టీచర్ నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూశారు. మిగతా పిల్లల్ని తోటి టీచర్‌కి అప్పజెప్పి, నన్ను ఆ ఊళ్లోనే ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. చాక్లెట్లు తింటావా, కూల్‌డ్రింకులు తాగుతావా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. నిజమే చెబుతున్నాననుకున్నాను. టీచర్ తన సంచిలోంచి సగం తాగిన సీసా తీసి బల్ల మీద పెట్టారు.

"దీనివల్ల ఏమైనా అయిందాండీ?"

డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. అందులోని పులుపుకి పంటి మీది గట్టి పొర మెత్తబడుతుందట. కాస్త కాస్తగా తాగుతుంటే పళ్లు ఆ పులుపులోనే నానుతూ ఉంటాయట. వెంటనే బ్రష్‌తో రుద్దితే మెత్తబడిన పొర అరిగిపోతుందట. పైగా అందులో చక్కెర కూడా ఉంది. పోయిన పొర తిరిగి రాదని, బడిపిల్లల ఆటకి మంచినీళ్లు చాలని చెప్పింది.

"ఆ పిల్లకి తెలీదండి. ఇచ్చింది నేనే," అన్నారు టీచర్.

బందరు బస్సులో గుడ్లవల్లేరు దాటాక టీచర్ నావైపు తిరిగారు. ఎందుకు చెప్పలేదని అడిగారు. ఆట మాన్పిస్తారని అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి చీరకొంగుతో కళ్లొత్తుకున్నారు. బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చి, ఒక్క మాట దాచకుండా అమ్మతో చెప్పారు. అమ్మ నన్ను వెలుతురులోకి లాగి నా పళ్లకేసి చూసింది.

"కావాలని చేశారా ఏంటి టీచర్‌గారండి? పిల్ల పళ్లు బాగుచేయించే దారి చూడండి," అంది.

మర్నాడు ప్రార్థన దగ్గర స్కూల్లో అందరి ముందూ టీచర్ ఆ సంగతి చెప్పారు. ఇంత రచ్చ ఎందుకని హెడ్‌మాస్టారు ముందే వారించారట. సీసాలు వెనక్కి వెళ్లాయి, వాటితోపాటే జెర్సీలూ. మేం స్కూలు డ్రస్సుల్లోనే ఆడాం. టీచర్ పొద్దున్నే బిందెతో నీళ్లు మోసుకొచ్చేవారు. జట్టులో అందరి పళ్లూ చూపిస్తే ఇంకో ఇద్దరికి అప్పుడప్పుడే మొదలవుతోందని తేలింది. పిల్లల ముందు తప్పు ఒప్పుకున్న పెద్దవాళ్లని అంతకుముందు నేను చూడలేదు. ఇక ఆవిడ మాట ఎవరూ వినరేమోనని బెంగపడ్డాను. కానీ ఆ సాయంత్రం గ్రౌండ్‌కి రాని పిల్ల లేదు.

ఇప్పుడు నేనూ పీఈటీనే. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒకమ్మాయి మడమ నొప్పంటే సాకనుకుని పరిగెత్తించాను. ఎముక చిట్లింది. కబురందుకుని వాళ్ల నాన్న ముదినేపల్లి నుంచి, చేపల చెరువు పనిలోంచి ఆ బట్టలతోనే ఆసుపత్రికొచ్చాడు. ఎలా జరిగిందని అడిగాడు. జారిపడిందని చెబితే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నొప్పని ముందే చెప్పిందండి. నేను వినలేదు," అన్నాను.

ఆయన వరండాలో బల్ల మీద కూర్చుని, కాళ్లకంటిన బురద దులుపుకున్నాడు. తరవాత కాస్త పక్కకి జరిగి, నాకు చోటిచ్చాడు.