పార్కులో అడిగిన పేరు

ఇప్పటికీ ఆ పార్కు ముందునుంచి బస్సు వెళ్తే నాకు ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో, పెళ్లయిన కొత్తలో, యలహంకలో ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. అత్త, మామ, ఇద్దరు ఆడబిడ్డలు, మేమిద్దరం. మధ్యలో అడ్డంగా ఒక పాత చీర. అవతల మామగారు దగ్గితే ఇవతల మాకు మాట ఆగిపోయేది. మా వైపు పెళ్లాం మొగుడి పేరు పలకదు. మా ఆయనకేమో తన పేరు నా నోట వినాలని పిచ్చి. ఒక్కసారి చెవిలో చెప్పు చాలు అని బతిమాలేవాడు. చీర అవతల అత్త మేలుకుని ఉంటే ఎలా చెప్పేది? ఆదివారం పార్కుకు పోదాం, అక్కడ చెప్తానని మాటిచ్చాను.

మధ్యాహ్నం వెదురుపొదల వెనక బెంచీ దొరికింది. చుట్టూ మాలాంటి జంటలే, ఎవరి లోకం వాళ్లది. నాకు సిగ్గు ముంచుకొచ్చి, శనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాను. పొట్లం ఖాళీ అయింది. ఇక చెబుదామని ఆయన చెవి దగ్గరికి వంగానో లేదో, గార్డు వచ్చి లాఠీతో బెంచీ మీద కొట్టాడు.

మొగుడూ పెళ్లాలమన్నాం. తాళి బయటికి తీసి చూపించాను. తాళిదేముంది, చిక్కపేట బజార్లో ఎవరడిగినా ఇస్తారన్నాడు ఆ దుర్మార్గుడు. మా ఆయన్ను పది అడుగుల దూరం తీసుకెళ్లి నా పేరు అడిగాడు. ఆయన టక్కున చెప్పేశాడు. తర్వాత గార్డు నా దగ్గరికి వచ్చాడు.

"నీ మొగుడే అయితే వాని పేరు చెప్పమ్మా."

నాకు నోరు పెగల్లేదు. అమ్మ, అవ్వ ఎవరూ మొగుడి పేరు పలకగా నేను వినలేదు. పక్క బెంచీలవాళ్లంతా నన్నే చూస్తున్నారు.

"చూసినావాప్పా, పేరు కూడా తెలీదు. పదండి స్టేషన్‌కి. మీ నాయన్ను పిలిపిస్తా ఉండమ్మా."

మా నాయన్ను ఇందులోకి ఈడ్చేసరికి ఇక ఊరుకోలేకపోయాను. లేచి నిలబడి, వాడి మొహం మీదే, పార్కంతా వినబడేట్టు ఆయన పేరు అరిచాను. ఒకసారి కాదు, రెండుసార్లు. వాడు పళ్లికిలించి, మీకు ఇల్లు లేదా అని అడిగి వెళ్లిపోయాడు. ఇల్లే ఉంటే వాడి పార్కు మాకెందుకు?

బస్సెక్కి మా ఆయనతో ఇంటికి బయల్దేరాను. దిగాక, మా సందు మలుపులో ఆగాడు.

"నాకు చెప్తానంటివి కదా," అన్నాడు.

మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడగకుండా నేనూ పలకలేకపోయాను. ఆ గార్డు ఈరోజు ఎదురుపడినా చెంప పగలగొడతాను.