బొట్టు పుస్తకం

మా పక్కింటి టీచరుగారు సోమవారం పొద్దున్న పోయారు. ఆ మాట మా మనవరాలికెలా చెప్పాలో తెలీక, అటువైపు కిటికీ మూసేశాను.

మా పిల్లకి నాలుగో ఏడొచ్చినా మాట రాలేదండీ. నాకు అన్నిటికీ భయమే, దీనికి మరీను. టీచరుగారు రిటైరయ్యాక మైలవరం నుంచి బస్సులో గవర్నర్‌పేట పుస్తకాల కొట్లకి వెళ్ళి బొమ్మల పుస్తకాలు తెచ్చేవారు. సాయంత్రాలు వరండాలో చాప పరిచి వీధి పిల్లలకి చూపించేవారు. నేను మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ చింపుద్దోనని దాని చేతులు పట్టుకు కూర్చునేదాన్ని.

"వదలండి పిన్నిగారూ, చిరిగితే అతికిద్దాం" అనేవారు.

ఓ పుస్తకం అట్ట మీద గుండ్రంగా బంగారు రంగు చుక్క. "కొత్త పుస్తకానికి బొట్టు పెట్టారు సరే, పసుపేదీ?" అన్నాను. ఆవిడ నవ్వి, "అది ఈ పుస్తకానికి బహుమతి వచ్చిందని గుర్తండీ. పోనీ, బొట్టే అనుకుందాం" అన్నారు. అప్పట్నుంచీ పిల్లలందరికీ అది బొట్టు పుస్తకమే.

నాకు చదువు అంతంతమాత్రం. "బొమ్మకి గుణింతాలక్కర్లేదు, చూడండి చాలు" అనేవారు. చూశాను. బొట్టు పుస్తకంలో పెద్ద ఏనుగు, చిన్న గొడుగు, జోరువాన.

"అయ్యో, తడిసి జలుబు చేస్తుందేమో దానికి" అన్నాను.

పిల్లలు పకపకా నవ్వారు. నా ఒళ్ళోది నవ్వలేదు. నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "తడవదు" అంది.

అదే దాని మొదటి మాట. టీచరుగారు పేజీ తిప్పడం మర్చిపోయారు. "మీ దిగులు ఊరికే పోలేదు పిన్నిగారూ" అన్నారు.

నిన్న టీచరుగారి అమ్మాయి ఆ పుస్తకం తెచ్చింది. "పాపకిమ్మని అమ్మ చెప్పిందండీ."

"టీచరమ్మేది?" అంది మా పిల్ల.

ఇంక దాచలేకపోయాను. "చనిపోయారమ్మా. మళ్ళీ రారు."

అంతే, నోరు మూసుకుంది. అన్నం దగ్గరా పలకలేదు. వచ్చిన మాట ఆవిడతోనే పోయిందా అనుకున్నాను. బయట వాన మొదలైంది. పుస్తకం తీసి, ఏనుగు పేజీ తెరిచి దాని ముందు పెట్టాను. "తడుస్తుందేమోనమ్మా" అన్నాను.

బొమ్మకేసి చాలాసేపు చూసింది. లేచెళ్ళి కిటికీ తీసింది. పక్కింటి వరండాలో గోడకి ఆనించిన చాప మీదికి జల్లు కొడుతోంది.

"చాప తడుస్తంది నానమ్మా."

ఒక్క గొడుగు కింద ఇద్దరం బయల్దేరాం. నా భుజం తడుస్తోందేమోనని అది తలెత్తి చూస్తూనే నడిచింది.