గంగక్క మగ్గానికి నౌషాద్ దీపం

రేడియో విప్పితే మళ్లీ బిగించేదాకా అన్నం ముట్టని మనిషి నౌషాద్. హిందూపురంలో పని నేర్చుకుని, ధర్మవరంలో చిన్న రిపేరు అంగడి పెట్టుకున్నాడు. తొంభై ఎనిమిదిలో అతని పక్కింటి గంగక్కకు పెద్ద చిక్కు వచ్చిపడింది. పట్టుచీర కొంగులో వంకాయరంగు ఉండాల్సిన చోట ఒక సాయంత్రం మసకలో జానెడు మేర నీలం నేసేసింది. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే పట్టు ఇవ్వనని షావుకారు తెగేసి చెప్పాడు.

"సాయంత్రం లైటు వేసుకోవచ్చు కదక్కా?" అన్నాడు నౌషాద్.

"పొద్దుండంగానే దీపమేందబ్బా, ఇంటికి అరిష్టం! అయినా నాకు బాగానే కనపడతాండాదిలే."

బాగా కనపడితే నీలం ఎట్లా వచ్చిందో! ఆ మాట అడిగే ధైర్యం నౌషాద్‌కు ఎక్కడిది? నిజానికి వెలుగు చెప్పి పోదు, కొంచెం కొంచెంగా జారుకుంటుంది. పైగా గుంటమగ్గంలోంచి మోకాళ్లు పట్టుకుని లేచి స్విచ్చి దాకా నడవాలంటే ఎవరికైనా బద్ధకమే.

అందుకని తనంతట తానే వెలిగే దీపం చేద్దామనుకున్నాడు. వెలుగును కనిపెట్టే శనగగింజంత బిళ్ల, ఒక ట్రాన్సిస్టరు, స్విచ్చిలా కరెంటు కలిపే ఒక రిలే. బిళ్ల మీద వెలుగు పడినంతసేపూ ట్రాన్సిస్టరు ఊరుకుంటుంది. మసకబడితే రిలేను లాగి బల్బు వెలిగిస్తుంది. తెచ్చి మగ్గం పైన బిగించాడో లేదో వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది, టకటకటక! బల్బు వెలుగే బిళ్ల మీద పడి, అది తెల్లారిందనుకుంటోంది.

"ఏమబ్బా, తిరునాళ్ల లైట్లు పెట్టినావా?" అని గంగక్క పగలబడి నవ్వింది. నౌషాద్ నాలిక్కరుచుకుని బిళ్లను కిటికీ వైపు తిప్పాడు.

ఇక ఎంత మసకకు వెలగాలో స్క్రూ తిప్పి కుదర్చాలి. తన కంటితో చూసి పెడితే ఏం లాభం, నేసేది అక్క కదా! పొద్దు వాలుతుంటే మగ్గం పక్కన కూర్చుని దారం కండెలు ఒక్కొక్కటే అందించాడు.

"ఇదేం రంగక్కా?"

"వంకాయ."

"ఇది?"

"నీలం. నాకే పరీక్ష పెడతాండావా?"

కాసేపటికి నీలం కండె అందిస్తే, తడుముకోకుండా "వంకాయ" అంది. అతనికింకా ఆ నీలం స్పష్టంగానే కనపడుతోంది. వెంటనే స్క్రూ తిప్పాడు. బల్బు వెలిగింది. గంగక్క చేతిలోని కండెను వెలుగులో తిప్పి చూసుకుని, నీలం కండెల పక్కన పెట్టింది.

ఆ దీపం కింద నేసిన చీర తప్పు లేకుండా దిగింది. షావుకారు కిమ్మనకుండా మళ్లీ పట్టు ఇచ్చాడు. అప్పటినుంచి ఏటా నౌషాద్ దుమ్ము దులిపే నెపంతో వచ్చి, దీపం ఇంకాస్త ముందే వెలిగేలా స్క్రూ జరిపేవాడు. గుట్టు భలే దాచానని మురిసిపోయేవాడు, పిచ్చి మారాజు.

రెండువేల నాలుగులో అట్లాగే గుడ్డ పట్టుకుని వస్తే గంగక్క మగ్గం ఆపి నవ్వింది.

"దుమ్ము నేనే తుడ్సినాలే. ఈ తూరి ఆ స్క్రూ కొంచెం ఎక్కువే తిప్పు నాయనా. కండ్లు ఈ ఏడు బాగా తగ్గినాయి. నేసే ఓపిక మాత్రం తగ్గలే."